ఒకే మనిషి తొడిగిన కోట్లు

ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఆ ఫ్యాక్టరీలో ఎవరూ మిగల్లేదు. ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది అరచేతులు మొద్దుబారి గరుకెక్కాయి కాబట్టి గరుకక్క. ఆమె ఆప్యాయంగా ఎవరి భుజం మీదైనా చెయ్యి వేస్తే వాళ్ళ బట్టలో దారం లేచివచ్చేది. మొదట్లో వెక్కిరింపుగా పెట్టిన పేరే అది. ఆమె దాన్నే సొంతం చేసుకుంది. "చేతులే కాదు, నోరూ గరుకే. చూసుకుని మాట్లాడు" అనేది.

ఆమె పని కొత్త ప్యాంట్లను పాతవి చేయడం. కొత్తగా వినేవాళ్ళకు ఎగతాళిలా ఉంటుంది గానీ అదీ ఒక పనే. కుట్టు విభాగం నుంచి ముదురు నీలంలో బిర్రుగా వచ్చిన జీన్ ప్యాంటును రబ్బరు కాళ్ళకు తొడిగి, గాలి కొట్టి ఉబ్బించి, తొడల మీద, మోకాళ్ళ మీద, జేబు అంచుల మీద రుద్దుతారు. ఏళ్ళ తరబడి ఎవరో వేసుకుని తిరిగినట్టు రంగు వెలిసిపోవాలి. బజార్లో అలా వెలిసిన దానికే గిరాకీ. అందుకే ఆ విభాగాన్ని పాత సెక్షన్ అనేవారు.

"కొత్తవాటిని పాతవి చేస్తున్నాం సరే. నన్ను మళ్ళీ కొత్తదాన్ని చేసే సెక్షన్ ఏదైనా ఉందేమో కనుక్కోవే, మా ఆయన మొహం తిప్పుకుంటున్నాడు" అనేది పక్క బల్ల ఆవిడ.

"నిన్ను కాదు, మీ ఆయన్ని పంపించు. నేను రుద్దుతాను" అనేది గరుకక్క.

ఈ పని ఆమెకు నేర్పింది అన్న. మొగుడితో పొసగక ఆమె అన్న పంచన చేరినప్పుడు, "ఇల్లు నీదే. గిన్నెలు మాత్రం మీ వదినవి, వాటి జోలికి పోకు" అని నవ్వించి, మర్నాడే వెంటబెట్టుకుని ఫ్యాక్టరీకి తీసుకెళ్ళాడు. పక్కన నిలబడి చేతులు తిప్పించి చూపించాడు. మొదటి రోజు ఆమె ప్యాంటుకు బొక్కపెట్టింది. అన్న తిట్టలేదు.

"బట్టని చూడకు. ముందు దాని లోపల ఒక మనిషిని నిలబెట్టుకో. వాడు ఏ కాలి మీద బరువేసి నిలబడతాడు? ఏ జేబులో చెయ్యి పెడతాడు? ఖాళీగా ఉన్నప్పుడు ఏం రుద్దుకుంటాడు? అది తెలిస్తే నీ చెయ్యి దానంతటదే పోతుంది."

అప్పటి నుంచి ఆమె ప్రతి ప్యాంటులోనూ ఒక మనిషిని నిలబెట్టుకుంది. వీడు బస్సు నడుపుతాడు, కుడి మోకాలు తొందరగా అరుగుతుంది. వీడు పెళ్ళాంతో పోట్లాడి రోజంతా మెట్ల మీదే కూర్చుంటాడు, వెనక పక్క చూడు. వీడు తాళాలు జేబులో వేసుకుని మర్చిపోయే రకం. పని చేస్తూ ఈ కథలన్నీ పైకే చెప్పేది. చుట్టుపక్కల బల్లల వాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. ఒక మనిషి వాడకం ఇంకో మనిషికి రాకూడదన్నది ఆమె పట్టుదల. అలాంటి పట్టుదల ఎవరూ అడగలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. అయినా మానలేదు.

కొన్నాళ్ళకు అన్నను ఇసుక గదికి మార్చారు. చేత్తో రుద్దితే ఒక ప్యాంటుకు పట్టే సమయంలో అక్కడ బోలెడు ప్యాంట్లు అయిపోతాయి. గొట్టంలోంచి గాలితో పాటు ఇసుకను బట్ట మీదకు విసురుతారు. గది నిండా తెల్లటి దుమ్ము. పక్కనున్న మనిషి భుజం తగిలితే గానీ ఉన్నాడని తెలీదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని పని చేసేవాళ్ళు. సాయంత్రం అన్న బయటకు వస్తే కనుబొమ్మలు నెరిసిపోయి తాతయ్యలా ఉండేవాడు. "చూశావా, నన్నూ పాత సెక్షన్‌లో వేశారు" అనేవాడు.

అలాగని ఫ్యాక్టరీలో మాస్కులు లేవా అంటే ఉన్నాయి. మందపాటి కోట్లు, చేతి తొడుగులు, ముక్కూ నోరూ మూసే రబ్బరు మాస్కులు, అన్నీ స్టోరు గదిలో అద్దాల బీరువాలో వరసగా వేలాడేవి. ఆ అద్దాలు తుడవడానికి రోజూ ఒక మనిషి వచ్చేవాడు. బీరువా తాళం తీయడానికి మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు. అన్న ఒకసారి స్టోరు గుమస్తాను అడిగాడు.

"అవి మా కోసమేనాండీ?"

"మీ కోసమే, మీ కోసమే. పాడైపోతాయని దాచి ఉంచాం."

పెద్ద కంపెనీల వాళ్ళు చూడ్డానికి వచ్చే రోజు మాత్రం బీరువా తెరుచుకునేది. వాళ్ళు వెళ్ళగానే కోట్లు విప్పించి, దులిపి, మళ్ళీ వేలాడదీసేవారు. ఆ వేడుకంతా దగ్గరుండి జరిపించేవాడు నవ్వండి సారు. ఆయన పని ఏటా ఒక మెరిసే పుస్తకం రాయించడం. కంపెనీ నేలకూ నీళ్ళకూ గాలికీ ఎంత మేలు చేసిందో, కార్మికుల హక్కులను కళ్ళలో పెట్టుకుని ఎలా చూసుకుందో, అందరూ ఎంత ఆనందంగా ఉన్నారో ఆ పుస్తకంలో ఉండేది. ఆనందం కోసం ఫోటోలు కావాలి కదా, కెమెరా మనిషిని వెంటేసుకుని షెడ్డు షెడ్డూ తిరుగుతూ "నవ్వండి, కాస్త నవ్వండి, ఇంకొంచెం" అనేవాడు. అలా ఆయన నవ్వండి సారు అయ్యాడు. చెడ్డగా మాట్లాడే మనిషి కాదు. గొంతు ఎత్తేవాడే కాదు. ఆ మెత్తదనమే గరుకక్కకు తర్వాత తర్వాత గుండెలో ముల్లయింది.

అన్న కూడా ఒకసారి ఆ పుస్తకంలోకి ఎక్కాడు. కోటు తొడిగించి, మాస్కు మెడలో వేసి, గొట్టం చేతికిచ్చి నిలబెట్టారు. అన్నది ఎడంచేతి వాటం. నవ్వండి సారు ఫోటోలో బాగుండదని గొట్టాన్ని కుడిచేతికి మార్పించాడు. అన్న జన్మలో ఆ కోటు తొడిగింది ఆ ఒక్కసారే. క్లిక్కుమనగానే "విప్పెయ్, విప్పెయ్, మడత నలుగుతుంది" అన్నాడు స్టోరు గుమస్తా.

తర్వాత దగ్గు మొదలైంది. మొదట్లో పొడిదగ్గు, దుమ్ము పట్టిందనుకున్నారు. తర్వాత మెట్లు ఎక్కలేకపోయాడు. వాళ్ళ ఇల్లు పై అంతస్తులో. మెట్ల మలుపు దగ్గర ఆగి, ఎడమ పిడికిలి డొక్క మీద, పక్కటెముకల కింద గట్టిగా నొక్కిపెట్టి, దగ్గు తగ్గేదాకా వంగి నిలబడేవాడు. చొక్కాలన్నీ అక్కడే నలిగి, అక్కడే పలచబడి, అక్కడే చిరిగేవి. వదిన అక్కడే మాసికలు వేసేది. కంపెనీ డాక్టరు ఉబ్బసం అన్నాడు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఛాతీ ఫోటో తీయించి, లైటుకు ఎదురుగా పట్టుకుని, "ఈయన ఏం పని చేస్తారు?" అని అడిగింది. చెప్పారు. ఆమె ఫోటో దించేసి, "లోపల ఇసుక పేరుకుపోయిందమ్మా. ఇది కడిగితే పోయేది కాదు" అంది.

పోయే ముందు రోజుల్లో అన్న కూర్చునే నిద్రపోయేవాడు. పడుకుంటే ఊపిరాడేది కాదు. అలా కూర్చునే పోయాడు. ఆయన్ను చదునుగా పడుకోబెట్టినప్పుడు, పడుకోలేడు లేపండి, లేపండి అని గరుకక్క అరిచిందని వదిన చెబుతుంది. గరుకక్కకు ఆ సంగతి గుర్తు లేదు.

నవ్వండి సారు పరామర్శకు వచ్చాడు. స్టూలు మీద కూర్చుని, "ఏ అవసరమొచ్చినా నేనున్నానమ్మా" అన్నాడు. కళ్ళు తడిచేసుకున్నాడు కూడా. ఆ ఏడు పుస్తకం అచ్చయి వచ్చింది. గుండీల సెక్షన్‌లో పనిచేసే వదిన ఎక్కడో ఒక కాపీ సంపాదించి ఇంటికి తెచ్చి, వేలు పెట్టి చదివింది. "పని వల్ల వచ్చిన జబ్బులు: లేవు. పని వల్ల మరణాలు: లేవు."

గరుకక్క అంది: "చావలేదంట వదినా. మరి ఎక్కడున్నాడో అడిగొద్దామా?"

"ఊరుకో."

"ఊరుకోను. ఆ సారు ఏ నోటితో లేదన్నాడో ఆ నోటితోనే ఉందనిపిస్తాను. పదిమంది వింటుండగా అనిపిస్తాను. అది విన్నాక నేనేమైపోయినా పర్లేదు."

వదిన అది ఏడుపులో పుట్టిన మాట అనుకుంది. గరుకక్క ఏడవలేదు. ఆ రోజు నుంచి ఆమె ప్యాంట్ల కథలు చెప్పడం మానేసింది. పక్క బల్ల ఆవిడ ఎన్నిసార్లు గిల్లినా, "వీడికి కథ లేదు. ఊరికే తిరుగుతాడు" అనేది.

చూస్తుండగానే కాలం మారింది. ప్యాంట్లు కొనే పెద్ద కంపెనీ దేశంలో కొత్త చట్టం వచ్చింది. సరుకు అమ్ముకుంటే సరిపోదు, ఆ సరుకు తయారైన ప్రతి చోటా మనుషులకు ఏం కీడు జరిగిందో, దాన్ని ఎలా సరిదిద్దారో వాళ్ళే చూసి, వాళ్ళే రాసి, సంతకం పెట్టాలి. రాసింది అబద్ధమని తేలితే పెద్దవాళ్ళ మెడకే చుట్టుకుంటుంది. నవ్వండి సారు సూపర్‌వైజర్లను కూర్చోబెట్టి చెప్పాడు: "ఇన్నాళ్ళూ మనం రాసి పంపితే వాళ్ళు అచ్చేసుకునేవాళ్ళు. ఇక మీదట వాళ్ళ మనిషి వచ్చి కళ్ళతో చూస్తుంది. పోయినసారి వచ్చినాయన కోట్లు చూసి, ఇవి మరీ కొత్తగా ఉన్నాయే అన్నాడు. ఈసారి ఆ మాట రాకూడదు."

ఆ మాట రాకుండా చేసే మనిషి ఆ ఫ్యాక్టరీలో ఎవరో అందరికీ తెలుసు.

నవ్వండి సారే స్వయంగా పాత సెక్షన్‌కు వచ్చాడు. వెనకాలే స్టోరు గుమస్తా కోట్లన్నీ బండి మీద వేసుకుని తోసుకొచ్చాడు. గరుకక్క చేతిలో పని ఆపింది. ఆ కోట్లలో ఒకటి అన్న ఫోటోకు తొడిగింది. ఏదో ఆమెకు తెలీదు. అన్నీ ఒకేలా, మడత నలక్కుండా ఉన్నాయి.

"చిన్న సాయం చెయ్యాలమ్మా. నీ చేతిలో పని" అన్నాడు నవ్వండి సారు. "వీటిని కాస్త పాతవి చెయ్యాలి."

పక్క బల్ల ఆవిడ నోరు తెరిచింది. ఇప్పుడు ఉప్పుకాగితం ఆయన మొహాన పడుతుందని షెడ్డంతా ఎదురుచూసింది. గరుకక్క చెయ్యి కూడా లేవబోయింది. లేచిన చేత్తోనే ఆమె కోటు అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎంత పాతగా కావాలి సార్?"

"రోజూ వేసుకున్నట్టు."

"ఎవరు వేసుకున్నట్టు?"

"ఎవరైతే ఏంటమ్మా!" నవ్వండి సారు నవ్వాడు. "ఎవరో ఒకరు. మనిషి వేసుకున్నట్టు ఉండాలి, అంతే."

"అలాగే సార్" అంది గరుకక్క. "మనిషి వేసుకున్నట్టే ఉంటుంది."

ఆ రోజు నుంచి ఆమెకు వేరే పని చెప్పలేదు. మూలనున్న బల్ల ఇచ్చారు. మొదటి కోటు రబ్బరు బొమ్మకు తొడిగి ఎదురుగా చాలాసేపు నిలబడింది. ఆ తర్వాత చెయ్యి దానంతటదే పోయింది. ఎడమ చేతి మణికట్టు దగ్గర గొట్టం రాసుకునే చోటు వెలిసింది. ఎడమ భుజం మీద గొట్టం బరువు వేసుకునే చోటు నలిగింది. కుడి చెయ్యి దాదాపు కొత్తదిగా మిగిలింది. కుడి పక్క రొమ్ము మీద మరక పడింది, ఎందుకంటే ఆ మనిషి ఎడమ చెయ్యి అక్కడే తుడుచుకునేవాడు. కుడి తుంటి దగ్గర గోడకు ఆనుకున్న అరుగుదల. చివరికి పక్కటెముకల కింద, ఎడమ పిడికిలి నొక్కే చోట ఆమె ఉప్పుకాగితం పక్కన పెట్టేసింది. తన పిడికిలితోనే, మెటికలతోనే రుద్దింది. బట్ట పలచబడి దారాలు తేలేదాకా రుద్దింది. మెటికలు దోక్కుపోయాయి. రెండో కోటు తీసింది. ఈసారి ఇంకో మనిషిని నిలబెట్టుకోలేదు.

కోట్లన్నిటిలోనూ అదే మనిషి. ఏళ్ళ తరబడి ఒకరి వాడకం ఇంకొకరికి రానివ్వని ఆమె చేతులు ఇప్పుడు ఒకే మనిషిని మళ్ళీ మళ్ళీ కన్నాయి. తొడుగుల్లో కూడా ఎడమవే అరిగాయి. కుడివి పెళ్ళిచూపులకు దాచినట్టున్నాయి.

వదిన టీ వేళలో ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. తాడు మీద ఆరేసిన కోట్లను దాటబోయి ఆగిపోయింది. ఒకదాని డొక్క మీద చెయ్యి పెట్టింది. పక్కదాని మీద పెట్టింది. గ్లాసు కింద పెట్టేసి, గొంతు తగ్గించి అంది: "ఏం చేస్తున్నావే నువ్వు?"

"చెప్పిన పని."

"ఇది ఆయనది."

"అవును."

"ఎవరు కనిపెడతారని నీ ఆశ?"

"నువ్వు కనిపెట్టావుగా."

"నేను కట్టుకున్నదాన్ని! మాసికలు వేసిన చేతులివి! ఎక్కడి నుంచో వచ్చే ఆవిడకి ఏం తెలుస్తుంది? తెలిస్తే ఇంకా ప్రమాదం. ఆర్డర్లు పోయి ఫ్యాక్టరీ మూసేస్తే ఇంతమంది నోట్లో మట్టి కొట్టినదానివవుతావు."

"అన్న నోట్లో ఇసుక కొట్టినప్పుడు ఎవరూ ఇంత ఆలోచించలేదు వదినా."

వదిన ఆమె దోక్కుపోయిన మెటికలు చూసింది. కొంగుతో తుడవబోయింది. గరుకక్క చెయ్యి వెనక్కి లాక్కుంది. వదిన వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ ఒక కోటు దగ్గర ఆగి, "పైగుండీ పెట్టుకునేవాడు కాదు. దీని కాజా అరిగినట్టు చేశావు" అని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. గరుకక్క ఆ కాజా మళ్ళీ దారంతో బిగించింది.

తనిఖీకి వచ్చినావిడ నెరిసిన జుట్టు మనిషి. లావు అద్దాలు, మడమలు లేని చెప్పులు, మాట మాత్రం మన తెలుగే. ఒకప్పుడు దర్జీ దుకాణం నడిపిందని గేటు దగ్గర ఎవరో చెప్పుకున్నారు. గరుకక్క ఆ మాట పట్టుకుని పొద్దుట నుంచి వేలాడింది. ఇసుక గదిలో ఆ పూట దుమ్ము లేదు. ముందురోజే కడిగించారు. మగవాళ్ళందరూ కోట్లు తొడుక్కుని, మాస్కులు పెట్టుకుని బారుగా నిలబడ్డారు. పాత సెక్షన్ వాళ్ళు తలుపు పక్క నుంచి తొంగిచూస్తున్నారు.

ఆవిడ వరస ముందు నడుచుకుంటూ వెళ్ళింది. ఒక కోటు చెయ్యి పట్టుకుని చూసింది. "బాగా వాడినట్టున్నాయే" అంది.

"రోజూ మేడమ్. ఇవి లేకుండా ఒక్క పూట కూడా లోపలికి రానివ్వం" అన్నాడు నవ్వండి సారు.

ఆవిడ తలూపింది. చేతిలో కాగితం మీద ఏదో గీత పెట్టి, వాకిలి వైపు తిరిగింది. వదిన చెప్పిందే నిజమైంది. గరుకక్క తన అన్నను అన్ని కోట్లలో నిలబెడితే ఆ కోట్లు కంపెనీ అబద్ధానికే సాక్ష్యం చెప్పి వెళ్ళిపోతున్నాయి. తన చేతులతో తనే నవ్వండి సారుకు పుస్తకం రాసిపెట్టింది.

వాకిట్లో ఆవిడ ఆగింది. "ఒకసారి పని చేసి చూపిస్తారా?" అంది.

వరసలో చివర నిలబడింది బస్తా. మనిషి బస్తాలా ఉంటాడు కాబట్టి ఆ పేరు. అన్నకు జోడీగా పనిచేసినవాడు. కోటు గుండీలు పొట్ట మీద అందక రెండు వదిలేశాడు. ముందుకొచ్చి, గొట్టం అందుకుని, కుడిచేత్తో పట్టుకుని కుడి భుజం మీద వేసుకున్నాడు.

ఆవిడ అద్దాలు సరిచేసుకుంది. "మీది కుడిచేతి వాటమా?"

"అవునండీ."

"మీ కోటు కుడి చెయ్యి కొత్తగా ఉంది. ఎడమ చెయ్యి అరిగింది."

బస్తా తన చేతులు తను చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు.

"ఒకరి కోటు ఒకరు మార్చుకుంటారు మేడమ్" నవ్వండి సారు అందుకున్నాడు. "అన్నదమ్ముల్లా ఉంటారు, నాది నీది అని ఉండదు."

ఆవిడ పక్క మనిషి దగ్గరకు వెళ్ళింది. ఆ పక్క మనిషి దగ్గరకు వెళ్ళింది. ఈసారి నడకలో తొందర లేదు. ఒక్కొక్కరి డొక్క మీద వేలు పెట్టి చూసింది. బక్కవాడికీ, పొడుగువాడికీ, బస్తాకీ అందరికీ అక్కడే దారాలు తేలి ఉన్నాయి.

"వీళ్ళందరూ ఎడంచేతి వాటమా? అందరూ ఇక్కడే నొక్కుకుంటారా? ఈ కోట్లన్నీ ఒక్క మనిషి వేసుకున్నవి" అంది. "ఎవరా మనిషి?"

నవ్వండి సారు నవ్వాడు. ఇంకేం చెయ్యాలో తెలీనప్పుడు ఆయనకు అదే అలవాటు. గరుకక్క తలుపు పక్క నుంచి కదిలింది. వెనక నుంచి వదిన ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆపడానికనుకుంది గరుకక్క. కాదు, ముందుకు తోసింది.

"వాటిని పాతవి చేసింది నేనండీ" అంది గరుకక్క. "మా అన్న ఒళ్ళు అది."

"ఆయన్ని పిలుస్తారా?"

"నా వల్ల కాదండీ. సారుని పిలవమనండి. ఆయనకి తెలుసు."

"మేడమ్, ఆవిడ మాట పట్టించుకోకండి" నవ్వండి సారు ఇద్దరి మధ్యకూ వచ్చాడు. గొంతు మెత్తగానే ఉంది. "మనసు బాగోలేదు పాపం. వాళ్ళన్నయ్య పోయిన దగ్గర్నుంచీ..."

మాట సగంలో ఆగింది. ఆగినా లాభం లేకపోయింది. ఆవిడ ఆయన వైపు తిరిగింది.

"పోయారా? ఎక్కడ పనిచేసేవారు?"

నవ్వండి సారు బస్తా వంక చూశాడు. బస్తా కోటు విప్పడం మొదలుపెట్టాడు. మిగిలిన గుండీలు తీసి, కోటును మడిచి, జాగ్రత్తగా నవ్వండి సారు చేతుల్లో పెట్టాడు. "మడత నలుగుతుంది సారూ, బీరువాలో పెట్టించండి" అన్నాడు. తర్వాత ఆవిడతో అన్నాడు: "ఇక్కడేనండీ. నేను నిలబడ్డ చోటే."

తర్వాత జరిగినవి వరసగా జరిగాయి. ఇసుక గదికి తాళం పడింది. అద్దాల బీరువా ఖాళీ చేశారు. ఇసుక గదిలో పనిచేసిన వాళ్ళందరికీ బయటి డాక్టర్లు ఛాతీ ఫోటోలు తీశారు. ఫ్యాక్టరీ మూతపడుతుందని గరుకక్కను తిట్టినవాళ్ళు తిట్టారు. ఒకామె ఎదురుపడితే మొహం తిప్పుకునేది. కానీ కొత్త చట్టం ప్రకారం కొనే కంపెనీ చేతులు దులుపుకుని పోవడానికి వీల్లేదు. జరిగిన కీడును సరిదిద్దాలి, నష్టపోయిన వాళ్ళు సరే అన్న మాటల్లోనే దాన్ని పుస్తకంలో రాయాలి. నష్టపోయిన వాళ్ళంటే వదిన, గరుకక్క. రాయాల్సింది నవ్వండి సారు.

పెద్దవాళ్ళు వదినను పిలిచి ఇవ్వాల్సిన పరిహారం ఏదో మాట్లాడుకున్నారు. అది వదిన హక్కు, గరుకక్క అందులో వేలు పెట్టలేదు. ఆమె ఒక్కటే అడిగింది. ఆ పేజీ నవ్వండి సారే రాయాలి, ఇంటికి తెచ్చి వినిపించాలి. తాము సరే అన్నాక షెడ్డులో అందరి ముందూ చదవాలి.

నవ్వండి సారు మెట్లెక్కి వచ్చాడు. లావు మనిషి, మలుపు దగ్గర ఆగి ఆయాసపడ్డాడు. పైనుంచి గరుకక్క చూస్తూ నిలబడింది.

"మా అన్న కూడా అక్కడే ఆగేవాడు సార్. తొందరేం లేదు, రండి."

అదే స్టూలు వేసింది. ఆయన చదివాడు: "దురదృష్టవశాత్తూ ఒక మరణం సంభవించింది."

"సంభవించడమేంటి సార్? అదేమైనా వానా?"

ఆయన మర్నాడు మళ్ళీ వచ్చాడు. "శ్వాసకోశ సమస్యతో బాధపడుతున్న ఒక ఉద్యోగి మరణించారు."

"సమస్య ఎక్కడి నుంచి వచ్చిందో రాయలేదు. రేపు రండి."

"అమ్మా, ఇక్కడే దిద్దేస్తాను."

"వద్దు సార్. వెళ్ళి ఆలోచించుకుని రండి."

వదిన లోపలి గది నుంచి అంతా వినేది. ఆయన మెట్లు దిగిపోయాక ఒక సాయంత్రం అడిగింది: "ఎన్నిసార్లు ఎక్కిస్తావే ఆయన్ని?"

"అన్న ఎన్నిసార్లు ఎక్కాడు?"

"అది లెక్క పెట్టగలమా?"

"అదే నేనంటున్నది."

ఆయన వచ్చినప్పుడల్లా చొక్కా చెమటతో తడిసేది. ఒకసారి మాట్లాడలేక నీళ్ళడిగాడు. గరుకక్క ఇచ్చింది. ఆయన గుటక గుటకకూ ఊపిరి తీసుకుంటుంటే కళ్ళార్పకుండా చూసింది. జాలి కలుగుతుందేమోనని తనలోకి తను చూసుకుంది. కలగలేదు. అది తెలిసి ఆమెకు హాయిగా అనిపించింది.

చివరికి ఆయన పెద్ద మాటలన్నీ తీసేశాడు. ఒక రోజు కాగితం ఆమె చేతికిచ్చి, తను చదవకుండా తల దించుకుని కూర్చున్నాడు. గరుకక్క వేలు పెట్టి చదువుకుంది. వదినకు ఇచ్చింది. వదిన చదివి, కాగితాన్ని అరచేత్తో సాపు చేసి, "ఇదీ" అంది.

షెడ్డులో మిషన్లన్నీ ఆపారు. ఆ నిశ్శబ్దం కొత్తగా, చెవుల్లో హోరులా ఉంది. నవ్వండి సారు ఒక చెక్కపెట్టె మీద నిలబడ్డాడు. పుస్తకం కోసం ఫోటో తీయడానికి కెమెరా మనిషి కూడా వచ్చాడు. తనిఖీ ఆవిడ గోడ పక్కన కూర్చుంది. గరుకక్క సరిగ్గా ఆయన ఎదురుగా నిలబడింది. ఆయన ఎటు చూసినా చివరికి ఆమె దగ్గరకే రావాలి.

ఆయన కాగితం విప్పాడు.

"ఇసుక గదిలో పనిచేసిన ఒక మనిషి చనిపోయాడు. ఇసుక పీల్చి చనిపోయాడు. మాస్కులు మా దగ్గర ఉన్నాయి. మేము ఇవ్వలేదు. ఆయన చనిపోలేదని ఈ పుస్తకంలో రాశాం. రాసింది నేనే."

కెమెరా మనిషి ఫోటో తీశాడు. వెనక నుంచి ఎవరో ఆడమనిషి సన్నగా అంది: "నవ్వండి సారూ, కాస్త నవ్వండి."

షెడ్డు ఒక్కసారిగా పగలబడి నవ్వింది. ఏళ్ళ తరబడి ఎవరి బల్ల దగ్గర వాళ్ళు మింగిన నవ్వంతా బయటకొచ్చింది. పక్క బల్ల ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వండి సారు మొహం నల్లగా మాడింది. పెట్టె దిగబోయాడు.

గరుకక్క నవ్వలేదు. చెయ్యెత్తింది. గరుకు అరచెయ్యి చూసి ఒక్కొక్కరే ఊరుకున్నారు.

"వెనక వాళ్ళకి వినపడలేదు సార్. మళ్ళీ చదవండి."

ఆయన మళ్ళీ కాగితం విప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. "ఇసుక పీల్చి చనిపోయాడు" అన్న చోట వెనక వరసలో ఎవరో దగ్గారు. పొడిదగ్గు. అందరూ తిరిగి చూశారు. బస్తా స్తంభాన్ని పట్టుకుని వంగి నిలబడ్డాడు. కుడి పిడికిలి పక్కటెముకల కింద గట్టిగా నొక్కిపెట్టుకున్నాడు.

దగ్గు తగ్గేదాకా నవ్వండి సారు ఆగాడు. తర్వాత మిగిలింది చదివేసి, కాగితం మడిచాడు.

గరుకక్క బస్తా వైపు నుంచి తల తిప్పి ఆయన వైపు చూసింది.

"మడవకండి సార్" అంది. "మళ్ళీ."